ఏ సీడీలోనూ లేని పద్యం

మా మేనల్లుడు ఈ వారం ఫోన్లో చెప్పిన సంగతి నాకింకా మింగుడు పడలేదు. కూకట్‌పల్లిలో కొత్త ఫ్లాట్‌లోకి మారాడు. హాల్లో ఉన్న పాత స్టీరియో తీసేసి మంచిది పెట్టుకుందామని ఒక షోరూముకి వెళ్లాడు. "ఇప్పుడు సీడీలెవరు వింటున్నారు సార్, వాటిలో జీవం ఉండదు, అంతా వినైలే" అన్నాడట అక్కడి కుర్రాడు. వీడు ఇంటికొచ్చి, వాళ్ల నాన్న ఏళ్ల తరబడి ఏరి కూర్చుకున్న సీడీలన్నీ పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశాడు. బాలమురళి కచేరీలు, ఈమని శంకరశాస్త్రి వీణ, ఎమ్మెస్ పాడిన అన్నమయ్య కీర్తనలు, అన్నీ ఆ గోనెసంచీలోకి పోయాయి. అంతా అయ్యాక నాకు ఫోన్. "మామయ్యా, టర్న్‌టేబుల్ ఏది కొనమంటావ్?"

"ముందు వెళ్లి ఆ పేపర్లాయన్ని పట్టుకోరా" అన్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదలలు తెలుసు. స్టీరియోకి పెట్టే డబ్బులో సగం స్పీకర్లకే పోవాలి. ఆ స్పీకర్లను గది మూలల్లోకి నెట్టకూడదు. పాట వింటున్నప్పుడు చేతిలో ఫోనుండకూడదు. ఈ వారం వాటికి ఇంకోటి చేరుస్తున్నాను. సీడీని చిన్నచూపు చూడొద్దు.

ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేసిన సీడీ 1982 అక్టోబరులో జపాన్‌లో అంగడికొచ్చింది. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాసుకోవడం దాని పద్ధతి. అందువల్ల అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ నడుమ 96 డెసిబెల్స్ దాకా చోటు దొరుకుతుంది. ఎల్పీ రికార్డు ఎంత శుభ్రంగా ఉన్నా అది 70 దాకా వస్తే గొప్ప. ఈ తేడా ఎక్కడ తెలుస్తుందో చూడాలంటే వీణ వినాలి. తీగ మీటాక వేలు గమకాన్ని లాగుతూ పోతుంది, నాదం సన్నబడుతూ సన్నబడుతూ ఆగుతుంది. రికార్డులో ఆ చివరి భాగాన్ని ముల్లు చేసే సన్నని రొద మింగేస్తుంది. సీడీలో ఆ నాదం ఆగేదాకా మనం దానితో వెళ్లొచ్చు. శంకరశాస్త్రి గారి వీణ ప్రాణమంతా అక్కడే ఉందని నమ్మేవాణ్ని నేను. జీవం లేదన్న మాట నా దగ్గర చెల్లదు.

శ్రుతి సంగతి ఇంకా ముఖ్యం. రికార్డు మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా, పళ్లెం తిరిగిన ప్రతిసారీ స్వరం కాస్త పైకీ కాస్త కిందికీ ఊగుతుంది. డప్పుల పాటలో అది తెలియదు. నాదస్వరంలో నిలిపిన షడ్జమం మీద మాత్రం తెలిసి తీరుతుంది. పైగా గాడి లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. ఎల్పీ అంచున ముల్లు కింద సెకనుకు అర మీటరు గాడి నడిస్తే, లేబులు దగ్గరికొచ్చేసరికి 20 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంతే ధ్వనిని అంత తక్కువ జాగాలో ఇరికించాలి కాబట్టి ప్రతి వైపూ చివరి పాట కాస్త నలుగుతుంది. ఒక వైపున పట్టేది ఇరవై, పాతిక నిమిషాలు. రాగం, తానం, పల్లవి వింటున్నవాడు సరిగ్గా పల్లవి ఎత్తుకునేచోట లేచి వెళ్లి పళ్లెం తిరగెయ్యాలి. సీడీలో 74 నిమిషాల కచేరీ ఒక్క బిగిన సాగిపోతుంది.

ఇక ఇవాళ కొత్తగా అచ్చవుతున్న రికార్డుల్లో చాలావాటికి మూలం డిజిటల్ ఫైలే. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ రికార్డులను స్వచ్ఛమైన అనలాగ్‌కు నమూనాగా ఏళ్ల తరబడి మెచ్చుకున్నారు. వాటి తయారీలోనూ డిజిటల్ మెట్టు ఒకటి ఉందని 2022లో బయటపడింది. అదే ఏడు ఆ దేశంలో ఎల్పీలు, 1987 తర్వాత మొదటిసారి, సంఖ్యలో సీడీలను దాటి అమ్ముడయ్యాయి. అమ్మకాలు చూసి చెవిని మార్చుకోనక్కర్లేదు. సీడీలకు చెడ్డపేరు రావడానికి కారణం వేరే ఉంది. 1990ల నుంచి పాటను మిగతావాటికన్నా బిగ్గరగా వినిపించాలన్న పోటీలో మెల్లనివీ పెద్దవీ ఒకే ఎత్తుకు లాగేశారు. మన పాత సినిమా పాటలకైతే గరగర తీసే నెపంతో గొంతులోని మెరుపు కూడా గీకేశారు. ఆ తప్పు చేసింది మనుషులు. సీడీకి అంటగట్టకూడదు.

ఇదంతా చెప్పాక వాడు అన్నాడు, "మరి నువ్వు చిన్నప్పుడు విన్నదంతా రికార్డుల మీదే కదా మామయ్యా?"

అవును. కృష్ణా డెల్టాలో మా ఊళ్లో శ్రీరామనవమికి పందిరి వేస్తే, సీతారాముల కంటే ముందు అందులోకి వచ్చేది మైకుసెట్టు. మేం ఆయన్ని మైకు బాబాయ్ అనేవాళ్లం. ఎడ్లబండి మీద ఆంప్లిఫయరు, బాకాలు, రికార్డుల రేకుపెట్టె తెచ్చేవాడు. పిల్లలం కొబ్బరిచెట్టు ఎక్కి బాకాలు కట్టేవాళ్లం. దానికి ప్రతిఫలంగా రికార్డు అందించే పని దొరికేది. అంచూ లేబులూ తప్ప ఇంకెక్కడా వేలు తగలకూడదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులు లక్కతో చేసినవి, జారితే ముక్కలే. ఒక్కో వైపు మూడు నిమిషాలు. స్టీలు ముల్లు ఒక వైపు మోగేసరికి అరిగిపోతుంది, మార్చాలి. చిన్న డబ్బాలో కొత్త ముళ్లు, ఇంకో డబ్బాలో అరిగినవి. గీత పడ్డ రికార్డు మీద ముల్లు ఎగరకుండా పికప్ తల మీద కాణీ పెట్టేవాడు. ఆ బరువుకు గాడి ఇంకా కోసుకుపోతుందని ఆయనకూ తెలుసు. అయినా పాట ఆగకూడదు.

ఏ వేళకు ఏ రికార్డు మోగాలో ఆయనకో లెక్కుండేది. తెల్లారగట్ల భక్తి పాటలు, ఎండెక్కాక సినిమా పాటలు, దీపాలు పెట్టాక పద్యాలు. పెళ్లి పందిట్లో హరిశ్చంద్ర కాటిసీను పద్యం ఎవరడిగినా పెట్టేవాడు కాదు. అదే నవమి పందిట్లో రాయబారం పద్యాలు మొదలైతే పెద్దవాళ్లు చుట్టలు ఆర్పేసి దగ్గరికి జరిగేవాళ్లు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వాళ్లకు ఇంటి మనుషుల కింద లెక్క. పద్యం చివర రాగం సాగదీసి దిగేసరికి, పాడినాయన ఎదురుగా ఉన్నట్టే "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. మైకు బాబాయ్ ముల్లెత్తి మళ్లీ మొదట్లో పెట్టేవాడు. తర్వాత 1977లో 'దాన వీర శూర కర్ణ' వచ్చాక మాటల రికార్డులు ఊళ్లను ఊపేశాయి. వెనకే క్యాసెట్లొచ్చాయి, ఆ రేకుపెట్టె అటకెక్కింది.

ఆ పెట్టెలో ఒక రికార్డుకు లేబులు పూర్తిగా చెరిగిపోయింది. పాడినాయన పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. కృష్ణుడి పద్యం ఒకటి, మరెవరి దగ్గరా నేను వినని ఎత్తుగడతో ఉండేది. పెద్దయ్యాక దానికోసం పద్యనాటకాల క్యాసెట్లు వెతికాను, సీడీలు వెతికాను, ఇప్పుడు ఫోన్లలో దొరికేవీ వెతికాను. లేదు. కంపెనీలు మళ్లీ విడుదల చేసేవి అమ్ముడుపోయే పేర్లే. ఘంటసాల భగవద్గీత దొరుకుతుంది, ఎమ్మెస్ సుప్రభాతం దొరుకుతుంది. మాయని పేర్లవి, మాయకూడదు కూడా. కానీ ఊరూరా తిరిగిన నాటకాల నటులు, జిల్లా దాటని గాయకులు లక్కపళ్లేల మీద మూడేసి నిమిషాలు పాడి వెళ్లిపోయారు. వాళ్లలో చాలామందికి సీడీ దాకా దారి దొరకలేదు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారి లాంటివారు వేల కొద్దీ 78లు కూడబెట్టి కాపాడారు కాబట్టి ఆ కాలం కొంతైనా మిగిలింది. అదొక్క మనిషి చేయగలిగే పని కాదు.

ఇంతదూరం సీడీని వెనకేసుకొచ్చిన నేను మా వాడికి చివరికి చెప్పిన జవాబు ఇది. టర్న్‌టేబులే కొను. ధ్వని కోసమైతే సీడీ చాలు, సెకండ్‌హ్యాండ్‌లో మంచి ప్లేయరు చవగ్గా వస్తుంది. మీ నాన్న సీడీలు తిరిగి తెచ్చుకుని వాటి మీదే వీణ విను. సీడీలో ఉన్న పాటనే మళ్లీ కొత్త ఎల్పీగా వేలు పోసి కొనకు. కానీ కొత్తగా పెట్టే డబ్బు మాత్రం, ఇంకెక్కడా వినపడనిదాన్ని వినిపించే యంత్రం మీద పెట్టు.

అలా కొనేటప్పుడు చూడాల్సినవి వేరు. సూట్‌కేసు ఆకారంలో వచ్చే ముచ్చటైన పెట్టెలొద్దు, వాటిలో చాలావాటి ముల్లు బరువు గాడిని తినేస్తుంది. రెండు గ్రాముల దగ్గర బరువు సర్దుకునే వీలుండాలి, ముల్లు మార్చుకునే వీలుండాలి. 78 వేగం ఉందో లేదో అడగాలి, కొత్తవాటిలో చాలావాటికి ఉండదు. 78లకు ముల్లు కూడా వేరే. ఎల్పీ ముల్లుకు మూడింతల వెడల్పుది పెట్టకపోతే అది గాడి అడుగున పడి దుమ్మునే చదువుతుంది. ఆంప్లిఫయరుకు మోనో మీట ఉంటే వదలొద్దు. మన పాత రికార్డులన్నీ మోనో. వాటి పాట గాడిలో అడ్డంగానే ఉంటుంది, నిలువుగా వచ్చేదంతా రొద. ఎడమా కుడీ కలిపితే ఆ నిలువు రొద చాలావరకు రద్దయిపోతుంది. లక్క రికార్డును స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. కంప్యూటరులోకి ఎక్కించుకునే తీగ ఒకటి తప్పనిసరి.

మీ ఊళ్లో మైకుసెట్టు నడిపిన ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు వాళ్ల అటక మీద ఏముందో అడగండి. పెట్టె ఇవ్వకపోతే పోనివ్వండి, ఒక పూట అరువడగండి. ఒక్కో వైపుకి పట్టేది మూడు నిమిషాలే. కంప్యూటరులోకి ఎక్కించుకున్న ఫైలు మీ దగ్గరే దాచుకోకండి, పాడినాయన పేరు తెలిస్తే దాని మీద రాసి, రికార్డు ఇచ్చినవాళ్లకు ఒక ప్రతి ముందుగా ఇవ్వండి.