కన్నప్ప కన్నులు

1954వ సంవత్సరమున “బేడర కన్నప్ప” అను కన్నడ చిత్రముతో రాజ్‌కుమార్‌గారు కథానాయకులైరి. ఆ యేడే “కాళహస్తి మహాత్మ్యం” అను తెలుగు చిత్రమునందును ఆ పాత్రనే ధరించి మనవారికిని పరిచితులైరి. శివునకు తన కన్ను పెకలించి యర్పించిన బోయవాని కథ యది. తరువాతి కాలమున ఆయన తన యభిమానులనే దేవుళ్లని సంబోధించుచుండిరి. 2006 ఏప్రిల్ 12వ తేదీన బెంగుళూరున ఆయన మరణింపగా, ఆయన నేత్రములు దానము చేయబడెను. పాత్రధర్మమును జీవితమున నిట్లు చెల్లించిన నటు లరుదు.

మరి ఆ దేవుళ్లు చేసిన దేమి? వాహనములను తగులబెట్టిరి, రాళ్లు రువ్విరి. ఆ యల్లరులలో ఒక పోలీసు జవానుతో కూడ పలువురు ప్రాణములు గోల్పోయిరి. కడసారి చూపు దక్కలేదను బాధ కొందరికి నిజమే కావచ్చును. కాని శోకము కరుణరసమునకు స్థాయి, క్రోధము రౌద్రమునకు. ఈ రెంటి భేద మెరుగనివాడు ఎన్ని చిత్రములు చూచినను ప్రేక్షకుడే కాని రసికుడు కాడు. మృతుడైన జవాను ఇంటివారి శోకము మాత్రము శోకము కాదా?

అభిమానులు నేర్చుకొనలేనివారు కారు. 2021 అక్టోబరు 29న రాజ్‌కుమార్‌గారి కుమారుడు పునీత్ అకాలమరణము నొందగా, అతని కన్నులును దానమయ్యెను. పిదప కర్ణాటకమున ఎందరో నేత్రదానమునకు అంగీకారపత్రములు వ్రాసియిచ్చిరి. నటునకు తగిన నివాళి యిది.

మన యిండ్లలోను పిల్లలు తారల పటములు గోడల కంటించుకొందురు. అది తప్పు కాదు. ఆ పటము క్రింద కూర్చుండి ఈ రెండు మరణముల కథయు వారికి చెప్పుట పెద్దల విధి.