యోబు గ్రంథం: మొర నుండి అంగీకారానికి

వ్యాససంగ్రహం:
కోరని కష్టాన్ని విశ్వాసంతో స్వీకరించాలని బోధించేటప్పుడు తెలుగు క్రైస్తవ సమాజం తరచుగా యోబును ఆదర్శంగా చూపుతుంది. ఆ ఆదర్శం గ్రంథంలోని మొదటి రెండు అధ్యాయాలకే పరిమితమై, తరువాత వచ్చే సుదీర్ఘమైన మొరను మరుగుపరుస్తోంది. అంగీకారం మొరకు ప్రత్యామ్నాయం కాదనీ, మొర గుండా సాగి చేరుకునే స్థితి అనీ గ్రంథనిర్మాణం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: యోబు, మొర, ప్రార్థన, ఓదార్పు, అంగీకారం, జాషువ.

1. ఉపోద్ఘాతం:
చావు ఇంట్లోనూ, నయంకాని రోగి మంచం పక్కనా తరచుగా వినిపించే మాట “దేవుని చిత్తం”. ఆ మాట వెనుక సాధారణంగా యోబు నిలబడి ఉంటాడు. ఆస్తి పోయింది, పదిమంది బిడ్డలు ఒక్కరోజే మరణించారు; అయినా ఆయన దేవుని నామాన్ని స్తుతించాడు (1:21). ఈ ఘట్టం దగ్గరే ప్రసంగం ఆగిపోతే, దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఒక కఠినమైన కొలబద్ద నిలుస్తుంది. ఏడ్చినా, ఎందుకని అడిగినా తన విశ్వాసం తక్కువైనదేమోనన్న అపరాధభావం అతనికి కలుగుతుంది. అసలు కష్టానికి ఇది అదనపు భారం. యోబు గ్రంథం నిజంగా ఈ భారాన్ని మోపుతుందా అన్నది పరిశీలించవలసిన అంశం.

2. గ్రంథనిర్మాణం:
యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయంలోని 7 నుండి 17 వరకు గల వచనాలు గద్యకథనం. మధ్యభాగం దాదాపు మొత్తం కవిత్వం. గద్యంలోని యోబు ఓర్పు గలవాడు. కవిత్వంలోని యోబు ప్రశ్నించేవాడు. మిత్రులు ముగ్గురు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మౌనంగా నేలమీద కూర్చున్న తరువాత ఆయన నోరు తెరుస్తాడు. తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు (3వ అధ్యాయం). ఆ దినం చీకటి కావాలని కోరుకునే ఆ కవిత, వెలుగు కలుగుగాక అన్న ఆదికాండపు సృష్టికథను తలకిందులు చేసినట్లుగా సాగుతుంది. ఒక మనిషి దుఃఖానికి సృష్టిక్రమం మొత్తం వెనక్కి మళ్ళవలసి రావడం కవి ఎంచుకున్న తూకం.

యాకోబు పత్రిక యోబు సహనాన్ని కొనియాడుతుంది (5:11). అయితే అక్కడి గ్రీకు మూలపదం ‘హుపొమొనే’. బరువు కింద కదలక నిలిచి ఉండడం దాని మూలార్థం. నిలిచి ఉండడం వేరు, నోరు మూసుకోవడం వేరు. యోబు నిలిచాడు, కాని నోరు మూసుకోలేదు.

3. మిత్రుల వాదం:
ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెప్పేది ఒకే సిద్ధాంతం: దేవుడు న్యాయవంతుడు, కనుక బాధపడేవాడు పాపం చేసి ఉండాలి. “చేసుకున్నవాడికి చేసుకున్నంత” అనే నానుడి తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ తర్కం కొత్తది కాదు. మతం మారినా తర్కం మారకపోవడం గమనార్హం.

వీరి వాదం ఎదుగుతున్న క్రమాన్ని కవి జాగ్రత్తగా చిత్రించాడు. ఎలీఫజు మొదట మెత్తగా మాట్లాడతాడు. బిల్దదు బిడ్డల మరణానికి వారి పాపమే కారణం కావచ్చునంటాడు (8:4). అనుభవించవలసిన దానికంటే తక్కువ శిక్షే పడిందని జోఫరు అంటాడు (11:6). చివరకు ఎలీఫజు, యోబు దప్పిగొన్నవారికి నీళ్ళివ్వలేదనీ, విధవరాండ్రను వట్టిచేతులతో పంపివేశాడనీ ఆరోపిస్తాడు (22:6-9). ఈ నేరాలకు గ్రంథంలో ఆధారం లేదు. పైగా యోబు నిర్దోషి అని కథారంభంలోనే దేవుడు పలికాడు. సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి ఓదార్చవచ్చినవాడు అబద్ధసాక్షిగా మారిన తీరు ఇది.

మరొక విశేషం ఉంది. మిత్రులు దేవుని గురించి అధ్యాయాల కొద్దీ మాట్లాడతారు. దేవునితో ఒక్కసారి కూడా మాట్లాడరు. యోబు మాత్రం మిత్రులకు సమాధానమిస్తూనే, మాట మధ్యలో దేవుని వైపు తిరిగి ‘నీవు’ అని సంబోధిస్తాడు (7, 10, 13, 14 అధ్యాయాలు).

4. మొర కూడా ప్రార్థనే:
ఆ ‘నీవు’ అన్న సంబోధనే యోబు ఫిర్యాదును ప్రార్థనగా మారుస్తుంది. దేవునికీ తనకూ మధ్య ఒక మధ్యవర్తి ఉంటే బాగుండునని ఆయన ఆశిస్తాడు (9:33). దేవునిపై ఫిర్యాదు చేయడానికి కూడా ఆయనకు దేవుడు తప్ప వేరే న్యాయస్థానం లేదు. నిందలో సైతం బంధం తెగకపోవడం ఇక్కడి విశ్వాసస్వరూపం.

బైబిలు సంప్రదాయంలో ఇది ఒంటరి స్వరం కాదు. 13వ కీర్తన ఎంతకాలమని పదేపదే అడుగుతుంది. 88వ కీర్తన చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. ఊరట మాట దానిలో రాదు. సిలువపై క్రీస్తు పలికిన ఆక్రందన 22వ కీర్తన ఆరంభవాక్యం. గెత్సేమనేలో ఆయన తండ్రి చిత్తానికి లోబడడానికి ముందు ఆ గిన్నెను తొలగించమని కోరాడు. మత్తయి సువార్త ప్రకారం మూడుసార్లు ప్రార్థించాడు. పౌలు సైతం తన శరీరంలోని ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12:8). ‘నీ చిత్తం’ అన్న మాటకు ముందు ‘నా కోరిక ఇది’ అన్న మాట ఉంది. మొదటిది లేకుండా రెండవదాన్ని మాత్రమే దుఃఖితుని చేత పలికించడం గెత్సేమనే ప్రార్థనను సగానికి కోసివేయడమే.

5. జవాబు - అంగీకారం:
38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలో నుండి మాట్లాడతాడు. యోబు అడిగిన ప్రశ్నకు అక్కడ సమాధానం లేదు. పరలోకంలో అపవాదితో జరిగిన సంభాషణ సంగతి ఆయనకు చివరి వరకూ తెలియదు. దానికి బదులుగా భూమి పునాదులు, మనుషులు లేని ఎడారిలో కురిసే వాన, అడవిగాడిద, గద్ద, మకరం ఆయన కళ్ళముందు నిలుస్తాయి. మనిషి లాభనష్టాల లెక్కకు అందని విశాలమైన సృష్టి అది. ఈ జవాబు యోబును చిన్నవాణ్ణి చేస్తుంది గాని దోషిని చేయదు. మిత్రుల సిద్ధాంతం అతణ్ణి దోషిని చేయజూసింది. ఈ భేదం కీలకమైనది.

తరువాత యోబు పలికిన మాటకు తెలుగు బైబిలు ‘పశ్చాత్తాపపడు’ అనే క్రియను వాడింది (42:6). మూలంలోని హీబ్రూ ధాతువు ‘నహమ్’. మనసు మార్చుకోవడం, ఊరట పొందడం, ఓదార్చడం అనే అర్థాలు కూడా దానికి ఉన్నాయి. మిత్రులు యోబును ఓదార్చడానికి వచ్చారని చెప్పినప్పుడూ (2:11), చివర బంధువులు వచ్చి ఓదార్చారని చెప్పినప్పుడూ (42:11) ఇదే ధాతువు వస్తుంది. అందుచేత ధూళిలో, బూడిదలో కూర్చున్న యోబు నేరం ఒప్పుకోవడం కాక ఊరట పొందాడని అన్వయించడానికీ మూలంలో తావుంది. మిత్రులు ఇవ్వలేని ఓదార్పు, తన మొర విని దేవుడు మాట్లాడడం వలన ఆయనకు లభించింది. ఆ వెంటనే దేవుడు మిత్రుల మాటలు యుక్తం కాదనీ, యోబు మాటలే యుక్తమనీ తీర్పు ఇస్తాడు (42:7). భక్తితో మాట్లాడినవారు మందలింపు పొందారు. ప్రశ్నించినవాడు మెప్పు పొందాడు.

ముగింపులో గొర్రెలు 7,000 నుండి 14,000కు, ఒంటెలు 3,000 నుండి 6,000కు పెరిగాయి. బిడ్డల సంఖ్య మాత్రం మునుపటి లాగే పది. పశువులను రెట్టింపు చేసిన కథకుడు బిడ్డల దగ్గర ఆ లెక్క వేయలేదు. పోయిన ప్రాణానికి పరిహారం లేదన్న ఎరుక ఈ సంఖ్యలో ఉన్నదని భావించవచ్చు. అంగీకారమంటే నష్టాన్ని మరిచిపోవడం కాదు.

6. అంగీకరించదగనిది:
మనిషి మనిషికి కలిగించే బాధను కూడా దేవుని చిత్తంగానే స్వీకరించాలా అన్న ప్రశ్న మిగులుతుంది. 24వ అధ్యాయం దీనికి దారి చూపుతుంది. సరిహద్దు రాళ్ళు జరిపేవారిని, తండ్రిలేనివారి గాడిదను తోలుకుపోయేవారిని, ద్రాక్షగానుగ తొక్కుతూ దప్పితో అలమటించే కూలీలను యోబు వరుసగా పేర్కొంటాడు. వీటిని ఆయన విధిగా ఒప్పుకోలేదు. దేవుడు ఎందుకు ఊరకున్నాడని నిలదీశాడు. తన దాసుణ్ణీ తననూ గర్భంలో రూపించినవాడు ఒక్కడేనని 31వ అధ్యాయంలో అంటాడు.

తెలుగు సాహిత్యంలో ఈ రకమైన మొరకు సమీపంగా నిలిచే కావ్యం గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’ (1941). అంటరానితనానికి గురైన కథానాయకుడు తన గోడును గబ్బిలం ద్వారా శివునికి విన్నవించుకుంటాడు. ఆరాధ్యదైవం వేరు, కాలం వేరు. అయినా బాధకు గురైనవాడు లోకం వినని ఫిర్యాదును దైవసన్నిధికి పంపడం రెండింటిలోనూ సమానం. ‘క్రీస్తు చరిత్ర’ రచించి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి కూడా ఈయనే. క్రీస్తు త్యాగానికి తలవంచిన కలమే కులపీడనకు తలవంచలేదు. ఈ రెండింటికీ మధ్య వైరుధ్యం లేదని యోబు గ్రంథం సూచిస్తుంది.

7. ముగింపు:
యోబు గ్రంథంలో అంగీకారం మొదటి మాట కాదు, చివరి మాట. ఆ రెంటి మధ్య ఉన్న ముప్పైకి పైగా అధ్యాయాల మొరను దాటించి దుఃఖితుణ్ణి నేరుగా చివరికి చేర్చాలని చూసేవారు, తెలియకుండానే ఎలీఫజు పక్షాన నిలుస్తారు. మరణం, రోగం వంటి తప్పించుకోలేని కష్టాల్లో ప్రార్థన మనిషిని అంగీకారం వైపు నడిపించవచ్చు. మనిషి సృష్టించిన అన్యాయంలో అదే ప్రార్థన నిలదీసే స్వరమవుతుంది. ఓదార్చేవారికి ఈ గ్రంథంలో ఒక పాఠం ఉంది. మిత్రులు యోబుకు చేసిన నిజమైన మేలు వారి ప్రసంగాలలో లేదు. మాటలేవీ లేకుండా ఆయన పక్కన నేలమీద కూర్చున్న ఆ ఏడు రోజుల్లో ఉంది.