గీత అందరిదీ, మాట కొందరిదీ

తాండూరు బస్టాండులో కాసేపు నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ కలగలిసి వినిపిస్తాయి. కాగ్నా నది పారేది కర్ణాటకలోకే. ఇటు వికారాబాద్ జంక్షన్‌లో ఒక పట్టాల దారి వాడి వైపు, ఇంకోటి బీదర్ వైపు చీలుతుంది. ఇన్ని భాషలున్న చోట హోటల్ బల్ల మీద పడున్న పేపర్లో అందరికీ ముందుగా అందేది కార్టూనే. అక్షరాలు రానివాడు కూడా బొమ్మ చూసి సగం నవ్వేసి, మిగతా సగం కోసం "ఏం రాసిండు?" అని పక్కవాణ్ని అడుగుతాడు. ఆ మొదటి సగం నవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి. హాస్యచిత్రకారుడి విద్యంతా అక్కడే ఉంది.

తెలుగులో ఈ విద్యకు ఆద్యుడిగా తలిశెట్టి రామారావును చెప్పుకుంటాం. ఆయన పుట్టిన మే 20ని తెలుగు కార్టూనిస్టులు తమ పండుగగా జరుపుకుంటారు. ఒడిశాలోని జైపూరులో పుట్టిన ఆయన గీసిన బొమ్మలు 'భారతి' వంటి పత్రికల్లో వచ్చాయి. కానీ ఇంటింటికీ కార్టూన్ రుచి మప్పినవాడు బాపు.

బాపు బొమ్మలో ఏముందో చూసేముందు ఏం లేదో చూడండి. గోడలుండవు, నేల ఉండదు, నీడలూ తక్కువే. ఒక కుర్చీ కాలు, ఒక కిటికీ ఊచ గీస్తే ఇల్లు అయిపోయింది. మిగతాది చూసేవాడు తన ఇంట్లోంచి తెచ్చుకుని నింపుకుంటాడు. తాండూరు పాఠకుడు ఆ కుర్చీ కింద నాపరాతి బండలు పరుచుకుంటాడు, నరసాపురం పాఠకుడు ఎర్ర గచ్చు వేసుకుంటాడు. ఇద్దరికీ అది తమ ఇల్లే.

రెండో కిటుకు, చదివే దిశ. తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి ముందు మాట్లాడేవాడు ఎడమవైపు ఉండాలి, జవాబు కుడివైపు రావాలి. ఈ వరుస తప్పితే జోకు ముందే తెలిసిపోయి చచ్చిపోతుంది. మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పక్కన నిలబడ్డ మనిషి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు, లేదంటే ఒక పిల్లో కుక్కో, గుడ్లప్పగించి చూస్తుంటుంది. నవ్వు పుట్టేది మాట్లాడేవాళ్ల మొహాల్లో కాదు, ఆ చూసేవాడి కళ్లల్లో. ఆ కళ్లు మనవి. ఆర్.కె. లక్ష్మణ్ ఈ మూడో మనిషినే పట్టుకుని, గళ్ల కోటు తొడిగి, నోరు తెరవనీయకుండా 'కామన్ మ్యాన్'ని చేశాడు. దశాబ్దాల పాటు దేశం ఆ కామన్ మ్యాన్ కళ్లతో నాయకుల్ని చూసింది.

ఇక అక్షరం. బాపు రాత కూడా బొమ్మలో భాగమే. గొంతు పెరిగితే అక్షరం లావెక్కుతుంది, గొణిగితే చిక్కిపోతుంది. ఆ దస్తూరీ చివరికి కంప్యూటర్ ఫాంట్ అయి పెళ్లిపత్రికల దాకా వెళ్లింది.

పాశ్చాత్య దేశాల్లో మాత్రం హాస్యం వరుస గళ్లలో ఎదిగింది. 1950లో మొదలుపెట్టి 2000 వరకూ 'పీనట్స్' గీసిన చార్లెస్ షుల్జ్ మూడు గళ్లలో మాట నడిపి, నాలుగో గడిలో పాత్రని ఊరికే కూర్చోబెట్టగలడు. గడికీ గడికీ మధ్య ఉన్న తెల్లటి సందే అక్కడ కాలం, ఆ నిశ్శబ్దమే హాస్యం. మన వారపత్రికలు ఒంటిగడి కార్టూన్‌నే ఎక్కువగా పోషించాయి. అయితే వరుస గళ్లు లేని ఆ లోటు తీర్చినది ఒకటుందని నా అభిప్రాయం. అది 'బుడుగు'. 1950ల నడుమ ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ రాస్తూ, బాపు గీస్తూ నడిపిన ఆ రచనలో మంచి స్ట్రిప్‌కు కావలసినవన్నీ ఉన్నాయి: మారని పాత్రలు, పెరగని వయసు, వారం వారం తిరిగొచ్చే అదే వీధి. హాంక్ కెచమ్ 1951లో మొదలుపెట్టిన అల్లరి పిల్లాడు డెన్నిస్‌తో బుడుగును పోలుస్తుంటారు. తేడా పెద్దదే. డెన్నిస్ అల్లరిని మనం పెద్దవాళ్ల ఎత్తునుంచి చూస్తాం. బుడుగు దగ్గర పెద్దవాళ్ల లోకమే పిల్లాడి నోట విచారణకు వస్తుంది.

ఈ సంప్రదాయం మీద ప్రేమ ఉన్నవాళ్లే దాని లోపాలు చెప్పాలి. అప్పడాల కర్ర పట్టుకున్న లావుపాటి భార్య, వణికే బక్క మొగుడు. ఈ జంటతో ఎన్నేళ్లు నవ్వించారో లెక్కలేదు. విశాఖపట్నం నుంచి రాగతి పండరి కుంచె పట్టాకే ఆడవాళ్ల వైపు నుంచి ఆ ఇల్లు కనిపించింది.

తాండూరు వైపు వాళ్లకు ఇంకో లోటు. గీత అందరిదే అయినా బెలూన్‌లోని మాట మాత్రం చాలాకాలం కోస్తా తెలుగే. నవ్వు వచ్చేది, కానీ మన ఇంట్లో మాట్లాడే మాట ఆ బెలూన్‌లో కనబడేది కాదు. సినిమాల్లో మన యాస రౌడీకో పనివాడికో దక్కింది. విచిత్రమేమంటే, బీదర్ జిల్లా చిట్గుప్పాలో పుట్టిన సులేమాన్ ఖతీబ్ అప్పటికే అచ్చమైన దక్కనీ ఉర్దూలో, ఇళ్లలో పోట్లాడుకునే భాషలోనే హాస్య కవిత్వం చెప్పి ముషాయిరాలను ఊపేస్తున్నాడు. యాసతోనే పెద్ద హాస్యం పుడుతుందని పక్క భాష రుజువు చేస్తుంటే తెలుగు పత్రికలకు ఆ ధైర్యం ఆలస్యంగా వచ్చింది.

మాట ఆలస్యమైనా తెలంగాణ గీత మాత్రం గట్టిగానే వచ్చింది. సూర్యాపేట శేఖర్ కులాన్ని క్యాన్సర్‌గా గీశాడు. తనే క్యాన్సర్ బారిన పడి 2014లో వెళ్లిపోయేదాకా గీత ఆపలేదు. అదే ఏడాది నల్లగొండ శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి దక్కింది. అందులో బెలూన్ లేదు. తెలంగాణ నుంచి వచ్చిన చేతికి ప్రపంచంతో మాట్లాడటానికి మాటే అక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఫోన్లలో తిరిగే మీమ్‌లూ ఈ వంశానివే: అరువు తెచ్చుకున్న మొహం, పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. జోకు వేళాపాళా అవి కార్టూన్ నుంచే నేర్చుకున్నాయి. గీత మాత్రం నేర్చుకోలేదు. ఒకరి చేతి వణుకు, ఒకరి సిరా మందం అందులో ఉండవు, అందుకే మర్నాటికి ఎవరు చేశారో గుర్తుండదు. బాపు బొమ్మను సంతకం కప్పేసి చూపించినా బాపుదేనంటాం.

ఈ ప్రాంతానికి తన సొంత స్ట్రిప్ కావాలి. పాత్రలకు కొదవలేదు. నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పొద్దంతా పనిచేసి కనుబొమ్మలదాకా తెల్లబడ్డ ఒకతను. భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కందుల గురించి గంటల తరబడి చెప్పి, క్వింటాలు ధర అడిగితే మాట మార్చే దుకాణదారు. అనంతగిరి చూడ్డానికి హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి దారి అడిగేవాళ్లు. వాళ్లకు ఉర్దూలో మొదలుపెట్టి కన్నడ మీదుగా తెలుగులో ముగించే చాయ్ హోటలాయన. పక్కన నోరు మెదపకుండా చూసే మూడో మనిషిగా ఒక స్కూలు పిల్ల ఉంటే చాలు. మొదటి మూడు గళ్లలో ఎవరు ఎటు నిలబడాలో పెద్దవాళ్లు ఇప్పటికే గీసి చూపించారు. బెలూన్‌లోని మాట మాత్రం తాండూరుదే కావాలి.