ఫార్మాటుకు ముందు విచారణ

తిరువూరు వంటి సరిహద్దు పట్టణములో ప్రభుత్వము సామాన్యుని కంటబడునది నేడు బల్లమీది కంప్యూటరు రూపముననే. 1998లో కార్డ్ పథకముతో ఉపరిజిస్ట్రారు కార్యాలయములలో అడుగిడి, 2011లో మీసేవ పేర వీధిలోనికి వచ్చి, 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయములతో పల్లెల నడుమకు చేరిన యీ యంత్రము మొరాయించిన నాడు, అడంగలు కొరకో ఆదాయ ధ్రువపత్రము కొరకో ఆ పూట కూలి మానుకొని వచ్చిన మనిషి “సిస్టం పనిచేయట్లేదు, రేపు రండి” అన్న మాట విని వెనుదిరుగవలసివచ్చును. విజయవాడనుండి నిపుణుడు రావలెనన్న సుమారు 70 కిలోమీటర్ల దారి. కావున చిన్న ఊళ్ల కార్యాలయములలో ఎవరో ఒకరు, అది తమ విధులలో వ్రాయబడియున్నను లేకున్నను, ఆపరేటింగ్ సిస్టమును నిర్వహించుటయు దాని లోపములను కనిపెట్టుటయు పని చేయుచునే నేర్చుకొనుచున్నారు. నేనును అట్లు నేర్చినవాడనే.

ఈ విద్యలో మొట్టమొదట చెవినబడు సలహా “ఫార్మాట్ కొట్టేయండి, సరిపోద్ది” అనునది. దాని ఆకర్షణ సత్యమైనదే. విండోస్ క్రొత్తగా ఎక్కించిన యంత్రము కొన్నాళ్లు చురుకుగా నడచును. కాని డెస్క్‌టాప్ మీదనే ఫైళ్లన్నియు దాచుకొను గుమాస్తాకు ఏండ్లనాటి పని ఒక్క మధ్యాహ్నమున నశించును. వేలిముద్ర పరికరము డ్రైవరు, స్కానరు డ్రైవరు, డిజిటల్ సంతకపు టోకెను సాఫ్ట్‌వేరు, పాత నోటీసులు చదువుటకు కావలసిన ‘అను’ పేరిటి ఫాంట్లు మరల వెదకి ఎక్కింపవలసియుండును. ఇంతకన్న గొప్ప నష్టము వేరొకటి కలదు. తప్పు ఎచ్చట పుట్టెనో చెప్పగల సాక్ష్యమంతయు, విండోస్ తనంతట తాను వ్రాసికొను ఈవెంట్ లాగులతో సహా, తుడిచిపెట్టుకొని పోవును. కారణము కరెంటులోనో డిస్కులోనో ఉన్నచో అదే లోపము కొలది దినములలో మరల తలయెత్తును. అప్పుడు దానిని పోల్చుకొనుటకు పూర్వచరిత్ర యుండదు.

కావలసినది విచారణ. ఇందుకు మనకు పరాయి శాస్త్రము అక్కరలేదు. తెలుగువాడగు అన్నంభట్టు 17వ శతాబ్దమున తర్కము నేర్వబోవు పిల్లలకొరకు రచించిన తర్కసంగ్రహము చదివినవారికి అన్వయ వ్యతిరేకములు సుపరిచితములు: ఒకటి ఉన్నచోట రెండవది యుండుట అన్వయము, అది లేనిచోట ఇదియు లేకపోవుట వ్యతిరేకము. కంప్యూటరు మరమ్మతులో మేము నిత్యము చేయునది దీనినే. పనిచేయని కీబోర్డును తీసి పక్క యంత్రమునకు తగిలించి, లోపము కీబోర్డుతో పోవుచున్నదా, యంత్రముతోనే నిలిచియున్నదా అని చూచుట అన్వయము. అత్యవసరమగు డ్రైవర్లు తప్ప తక్కినవేవియు ఎక్కకుండ సేఫ్ మోడులో యంత్రమును తెరచి, లోపము మాయమైనచో వదలిపెట్టిన వానిలోనే దోషమున్నదని ఊహించుట వ్యతిరేకము.

నేను పనిచేసిన యొక కార్యాలయములో ఒకానొక యంత్రము గూర్చి ఉదయము వేళ “నెట్ పోయింది” అను ఫిర్యాదు తరచుగా వచ్చెడిది. అదే రౌటరుకు తగిలించిన తక్కిన యంత్రములలో సైట్లు తెరచుకొనుచుండెను. దీనియందు మాత్రము సురక్షితమైన ప్రతి సైటును బ్రౌజరు నిరాకరించుచుండెను. తెరమూలనున్న తేదీని చూడగా అది ఎన్నో ఏండ్లు వెనుకబడియుండెను. సైటు చూపు సర్టిఫికెట్టునకు ఆరంభ, అంత్య దినములుండును. వానిని బ్రౌజరు యంత్రముయొక్క గడియారముతోనే సరిచూచును గనుక, గడియారము తప్పినచో సక్రమమైన సర్టిఫికెట్టును సైతము అది నమ్మదు. తేదీ సరిదిద్దినచో ఆ దినమంతయు పని సాగెను. రాత్రి గోడమీది స్విచ్చు ఆపిన పిమ్మట తెల్లవారుసరికి తేదీ మరల వెనుకకు పోయెను. పగలు ఎన్నిమార్లు రీస్టార్టు చేసినను పోలేదు, ఏలయనగా ప్లగ్గులో కరెంటున్నంతసేపు గడియారము దానితోనే నడచును. దోషము నెట్టులోను లేదు, విండోసులోను లేదు. మదర్‌బోర్డు మీది మూడు వోల్టుల బిళ్లబ్యాటరీలో నున్నది. ఎన్ని ఫార్మాట్లు కొట్టినను ఆ బ్యాటరీ నిండదు.

సాక్ష్యమును చదువునప్పుడు అది చెప్పినదెంతయో, మనము ఊహించినదెంతయో వేరుపరచుట నేర్వవలయును. ఈవెంట్ వ్యూయరులో 41వ నంబరు కనబడినచో, యంత్రము సక్రమముగా మూతపడకుండ ఆగి మరల మొదలైనదని మాత్రమే దాని భావము. ఆగుటకు హేతువు యూపీఎస్ బ్యాటరీయో, ఎస్ఎంపీఎస్సో, వేడిమియో అది చెప్పదు, మనమే పరీక్షింపవలయును. యంత్రముయొక్క ఐపీ అడ్రసు 169.254తో మొదలైనచో, రౌటరునుండి అడ్రసు రాక అది తనకు తానే యొకటి పెట్టుకొన్నదని అర్థము. వెదుకవలసిన చోటు బ్రౌజరు కాదు, కేబులు, స్విచ్చు, రౌటరు.

ఒక వేళకు ఒక్క మార్పే చేయవలయుననుట ఈ వృత్తిలో నేను అన్నింటికన్న గౌరవించు నియమము. తొందరలో డ్రైవరు మార్చి, యాంటీవైరసు తీసివేసి, ర్యాము ఊడదీసి రబ్బరుతో తుడిచి పెట్టి, రీస్టార్టు చేయగా యంత్రము బాగుపడినచో, వీనిలో ఏది కారణమో, ఏది కాకతాళీయమో ఎవ్వరును చెప్పలేరు. ఆ విజయము మరునాటికి పనికిరాదు. చేసిన మార్పును, వచ్చిన ఫలితమును తేదీతో సహా ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచినచో, మన తరువాత ఆ కుర్చీలో కూర్చుండువానికి అదియే గురువగును.

ప్రత్యక్షానుమానములతో పాటు శబ్దమును, అనగా మనుష్యుని మాటయు, ఇందు ప్రమాణమే. “ఏం నొక్కారు?” అని గద్దించినచో ఎదుటివారు భయపడి నిజము దాతురు. “నిన్న బాగానే నడిచిందాండీ? ఆ తర్వాత కొత్తగా ఏమన్నా ఎక్కించారా?” అని నెమ్మదిగా అడిగినచో, పదవీవిరమణకు చేరువైన గుమాస్తాగారు సైతము మనము ఊహింపని వివరము నొకదానిని జ్ఞాపకము చేసికొని చెప్పుదురు.

ఈ మాటలు చిన్న ఊళ్లకే పరిమితములు కావు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసాఫ్ట్‌వేరు సంస్థ పంపిన దోషయుక్తమైన యొక ఫైలు వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెరతో నిలిచిపోగా, హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. నాడు అసంఖ్యాక యంత్రములను బ్రతికించినది ఫార్మాటు కాదు. సేఫ్ మోడులో తెరచి ఆ ఒక్క ఫైలును తొలగించుటయే. డిస్కును బిట్‌లాకరుతో బంధించినచోట్ల రికవరీ కీలను భద్రముగా వ్రాసియుంచుకొన్న కార్యాలయములకు ఆ పని సుకరమైనది. లేనివారికి తమ యంత్రమే తమకు తలుపు తీయలేదు.

ఫార్మాటు ఎన్నడును కూడదని నా మతము కాదు. వైరసు వేరుదన్నిన యంత్రమునకు, సిస్టము ఫైళ్లు బాగుచేయరాని విధముగ చెడినదానికి అదియే తగిన మార్గము. కాని అది బ్యాకప్పు తీసి, కారణము తెలిసి, తెలిసిన కారణమును పుస్తకమున వ్రాసిన పిమ్మట తీసికొనవలసిన నిర్ణయము. నిత్యవ్యవహారమునకు సామాన్య ఖాతాయు, సాఫ్ట్‌వేరు ఎక్కించుటకు మాత్రము అడ్మినిస్ట్రేటరు ఖాతాయు వేరుగా నుంచుట, అప్‌డేట్లను వాయిదా వేయకుండుట, వారమున కొకసారి ఫైళ్లను వేరొక డిస్కునకు ఎక్కించుట అను నిర్వహణధర్మములు పాటించుచోట ఆ నిర్ణయమునకు అవసరమే అరుదుగా కలుగును. మన మండలములలో డిజిటల్ అసిస్టెంట్లుగా చేరుచున్న యువతీయువకులకు సీడీలు, పెన్‌డ్రైవులు అందించుటకు ముందు ఈ విచారణక్రమమును నేర్పవలయునని నా దృఢవిశ్వాసము. కారణము నెరిగి యంత్రమును బాగుచేసినవానికి వరుసలో నిలుచున్నవారిని రేపు రమ్మని త్రిప్పిపంపవలసిన పనియుండదు. ఈ విద్యకు అంతకు మించిన ప్రయోజనము నేనెరుగను.