ముత్తాత ఏ ప్లవలో పుట్టెను?

నెల్లూరు సీమలో సముద్రపుటొడ్డు ఊళ్ళ ముసలివారిని మీ ముత్తాత యెప్పుడు పుట్టెనని యడిగినచో, "ప్లవలో" అని తడుముకొనక చెప్పుదురు. ఆ మాట నమ్మి పుస్తకమున వ్రాసికొన్నవాడు చిక్కున బడినట్లే. అరువదేండ్ల చక్రములో ప్లవ 1841 లో వచ్చినది, మరల 1901 లో వచ్చినది. మొదటి ప్లవనాటికి విక్టోరియా రాణి పట్టమెక్కి నాలుగేండ్లు నిండవచ్చినవి. రెండవ ప్లవ ఉగాదినాటికి ఆమె గతించి రెండు నెలలు. రాణిగారి యేలుబడి దాదాపుగా నంతయు ఆ రెండు ప్లవల నడుమ జారిపోవుచుండగా, మన ముత్తాత ఏ గట్టున నున్నాడో తేల్చుట యొక విద్య. ఆ విద్యలో నేను చూచినంతలో నుత్తములు కళాశాలలలో లేరు, భుజమున జోలె వ్రేలాడ కళ్ళముల కాలమున ఊరూర దిరిగిన పిచ్చిగుంట్లవారిలో నున్నారు.

వీరి పుట్టుకను గూర్చి చెప్పుకొను కథ యొకటి కలదు: నూర్గురు అన్నలు కుంటివాడైన తమ్ముని పోషించుట కొడంబడి, అతనిచే తమ వంశమును పొగడించుకొనిరట, ఆ కుంటివాని సంతతియే వీరట. దాని నిజానిజములు విచారించు నోపిక నాకు లేదు. గొల్లలకు కాటమరాజు కథ పాడు కొమ్మువా రెట్లో, కాపులకు, రెడ్లకు వీరట్లు. ప్రభుత్వమువారు ఇప్పుడు వీరిని వంశరాజులని వ్రాయుచున్నారు. అది తగిన పేరే.

సుమారు నలువదియేండ్ల క్రిందట అల్లూరు ప్రాంతమున నొక రెడ్డిగారి వాకిట నేను చూచిన ముసలాయన పని చెప్పెదను. అరుగెక్కుమన్నను ఎక్కక చాపమీద గూర్చుండి, బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ కణుపులపై నడపుచు, గోత్రముతో నారంభించి, ఇంటిపేరు, ఆ యింటిపేరు పుట్టిన యూరు, ఆ యూరు విడిచి వచ్చిన పెద్దవాడు, వానికి పిల్లనిచ్చిన యిల్లు, వారి కొడుకు లెందరు, ఏ కొడుకు ఏ యూరి కిల్లరికము పోయెను, ఇట్లు పెద్దకొమ్మ చివరిదాక పోయి, మరల మొదటికి వచ్చి చిన్నకొమ్మ పట్టుకొని, మధ్యమధ్య నొక్కొక్కని దానమునో దుడుకునో రెండు చరణముల పాటలో బిగించి సాగుచుండెను. ఏడవ తరమువద్ద నెవరో పిల్లవాడు ఇత్తడి చెంబు జారవిడిచెను. ఆ చప్పుడునకు దారము తెగినది. ముసలాయన మంచినీళ్ళు త్రాగి, ఏడవ తరమున గాక, మరల గోత్రమునుండియే యెత్తుకొనెను. రెడ్డిగారు విసుగుకొనిరి. నేనుమాత్రము మొదటిమారు వ్రాసికొన్న కాగితము ముందు బెట్టుకొని వ్రేలితో ననుసరించుచుంటిని. ఒక్క పేరు తప్పలేదు, ఒక్క కోడలి పుట్టిల్లు మారలేదు! నూటికి పైబడిన పేర్లు. అక్షరము వ్రాయనేరని మనిషి. అవధానులకు శాలువలు కప్పు మన పట్టణములు ఈ ధారణ కిచ్చినది కుంచెడు వడ్లు.

ఈ విద్యలో కష్టమంతయు పేర్లు తిరిగి తిరిగి వచ్చుటయం దున్నది. తాత పేరు మనుమనికి బెట్టుట మన యాచారమగుటచే, తరము విడిచి తరమున అదే రామిరెడ్డి తలయెత్తును. ఆ యింట మువ్వురు రామిరెడ్లు: గుఱ్ఱపు రామిరెడ్డి, కాలువ రామిరెడ్డి, మూగ రామిరెడ్డి. మనము వెదకుచున్న ముత్తాత, అనగా రెడ్డిగారి ముత్తాత, నడిమివాడు. "కాలువ యేమయ్యా?" అని నేనడుగగా, "ధాత కరువులో బకింగాం కాలవకాడ కూలోళ్ళమీద మేస్త్రీ సామీ" అనెను. నాకు వెలుగు కనబడినది. ధాత యనగా 1876; ఆ కరవున అన్నములేని జనులకు పని చూపుటకై 1877, 1878 లలో తీరము వెంబడి కాలువ త్రవ్వించి, నాటి గవర్నరైన బకింగాం ప్రభువు పేరు దానికి బెట్టిరి. కరవునాడు మేస్త్రీ యైనవాడు 1901 ప్లవలో పుట్టుటెట్లు? ఇంటి యాడువారు అటకమీది ట్రంకుపెట్టె దింపగా, పాత చీరల యడుగున రాణి బొమ్మగల స్టాంపు కాగితముపై నొక తాకట్టు పత్రము కనబడినది: ప్రమాది సంవత్సరము, అనగా 1879, చివర, సిరా కారి మచ్చపడిన చోట, వంకరటింకరగా రామిరెడ్డి చేవ్రాలు. ముసలాయన దానిని చేతబట్టి చూచి, తలక్రిందులుగా బట్టినట్టు నేను చెప్పగా నవ్వి తిరిగి యిచ్చివేసెను.

కాగితములవైపునను మొనగాండ్రున్నారు, నా పక్షపాతమెటున్నదో చదువరులు గ్రహించియే యుందురు గాన వారిని వేగముగా జెప్పెదను. 1858 తరువాతి ఇనాము కమిషను రిజిష్టర్లలో మాన్యము మొదట నెవరికిచ్చిరి, ఇప్పు డనుభవించువాని వయస్సెంత, మొదటివానికి వీడేమగును అను గడులున్నవి. వంశము వెదకువానికి అది అమృతము. బాస్వెల్ దొర నెల్లూరు జిల్లా మాన్యుయల్ 1873 లో వెలువడినది. ఆ యేడే, అప్పటికి నెల్లూరు జిల్లాలోనిదైన ఒంగోలు వాస్తవ్యుడు వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) స్వయముగా వ్రాసికొన్న జీవితకథను కుమారుడచ్చు వేయించెను. కవిలెకట్టలలో పేరే యెక్కని పేటలవారికి దిక్కు బాప్తిస్మపు పుస్తకములు. 1840 లో నెల్లూరు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనువారు 1878 జులైలో ఒంగోలు చెంత ఒక్కదినమున 2,222 మందికి స్నానమిచ్చిరి. ఓడయెక్కి దక్షిణాఫ్రికాకు కూలికి పోయినవారి జాడ నేటాలు ఓడల పట్టీలలో దొరకును: 1860 లో మదరాసునుండి పోయిన ట్రూరో మొదలుకొని తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులము, తుదకు ఒంటిమీది పుట్టుమచ్చకూడ వ్రాసియుంచిరి.

అన్నిటికి మిన్న మన నెల్లూరిలోనే జరిగిన పని. మదరాసులో 1881 నుండి 1897 వరకు 'పీపుల్స్ ఫ్రెండ్' అను ఆంగ్ల పత్రికను నడపిన దంపూరు నరసయ్య (1849–1909) ను లోకము మరచిపోగా, ఒంగోలు వెంకటరంగయ్యగారు తమ 'కొందరు నెల్లూరు గొప్పవారు' గ్రంథమున నాయనకు చోటిచ్చిరి. ఆ కొస పట్టుకొని కాళిదాసు పురుషోత్తముగారు పాత పత్రికలు, దస్త్రములు గాలించి, నిండు మనిషిని మన యెదుట నిలిపిరి. ఇట్టి యోపికకు నేను సాష్టాంగపడుదును.

మరి యిప్పుడు జరుగుచున్నదేమి? ఇంటిపేరు చెప్పి రొక్క మిచ్చినచో చాలును, అరగంటలో కాకతీయుల సేనానిని తాతగా దెచ్చి, అట్టమీద కిరీటము వేసి, రంగుల వంశవృక్ష మచ్చొత్తి యిచ్చువారు వెలసిరి. అందులో కాలువ మేస్త్రీ యుండడు, కరవుండదు, ఇల్లరికముండదు, తాకట్టుండదు; అందరును రాజులే, అందరును వీరులే. సిగ్గులేని యీ సరకును పెండ్లిపందిళ్ళలో పంచుచున్నారు! 1984 లో కరణీకములు రద్దయినపుడు తాటాకు కట్టలు, అడంగళ్ళు ఏ గోదామునకు జేరినవో, ఏ చెదలకు విందైనవో వెదకినవా రెందరు? నాడు ఆ రెడ్డిగారును, "ఏమయ్యా, మావాళ్ళు ప్రతాపరుద్రుడి కొలువులో ఉన్నారని ఒక మాట కలిపితే నీ సొమ్మేం పోయె?" అనిరి. ముసలాయన జోలె సర్దుకొనుచు, "మా నాయన చెప్పలేదు సామీ, నేనెట్టా జెప్పేది?" అనెను. రావలసిన వడ్లలో నొక కుంచము తగ్గినది.

పోవునపుడు మాత్రము గడపలో నిలిచి, ఆ యేడు పుట్టిన మనుమని పేరేమని యడిగెను. ప్రదీప్ కుమార్ అనిరి. "పదీపు కుమారు", "పదీపు కుమారు" అని ముమ్మారు నోట నాడించి, చిటికెనవ్రేలి కడ కణుపుపై బొటనవ్రేలుంచి, ఆ పేరును తండ్రి పేరి వెనుక కట్టుకొనెను. మూట మోయుటకై వెంట వచ్చిన కొడుకు వీథి చివర బస్సు కూత విని యటు చూచుచుండెను. వాని పెదవులు కదలలేదు.