కరీంనగర్ వెండితీగ పని: రూపకర్త పేరు నిలవని కళ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు కరీంనగర్ జిల్లాలోనివే. ఆ ఉమ్మడి జిల్లాకు దేశమంతటా పేరు తెచ్చిన హస్తకళ ఫిలిగ్రీగా పిలిచే వెండితీగ పని. కరీంనగర్ నుంచి సిరిసిల్లకు పోయే దారిలో, మానేరు పక్కన ఉన్న ఎలగందులలో ఈ పని వేళ్లూనుకుంది. 1905లో జిల్లా కేంద్రం అక్కడి నుంచి కరీంనగర్‌కు మారగా, పనివారు కూడా క్రమంగా ఆ కొత్త కేంద్రానికే చేరారు.

ఈ పనికి మేలిమి వెండే కావాలి, ఎందుకంటే రాగి కలిసిన వెండి బిరుసెక్కి సన్నగా సాగదు, వేడి తగిలితే నల్లబడుతుంది. వెండిని మూసలో కరిగించి కడ్డీగా పోసి, ఒకదానికన్నా ఒకటి చిన్నవైన రంధ్రాలు వరుసగా ఉన్న ఉక్కుపలక, అంటే కమ్మచ్చు గుండా మళ్లీ మళ్లీ లాగుతారు. లాగుతున్నకొద్దీ లోహం గట్టిపడుతుంది కనుక, నడుమనడుమ కాల్చి మెత్తబరుస్తారు. అలా వచ్చిన రెండు సన్నతీగలను కలిపి పురిపెట్టి, నున్నటి రోలర్ల మధ్య నొక్కితే, అంచున రంపపు పళ్లలాంటి గరుకుతనం గల పట్టీ తయారవుతుంది. వెలుగు పడినప్పుడు ఈ వస్తువులు మిలమిలలాడేది ఆ గరుకు అంచు వల్లే. నున్నటి తీగతో చేస్తే ఆ మెరుపు రాదు.

తరువాత లావుపాటి తీగతో ఆకు, నెమలి, తీగెలల్లిక వంటి ఆకృతికి చట్రం కడతారు. బరువు మోసేది ఈ చట్రమే. లోపల నింపే చుట్టలు, మెలికలు ఒకదానినొకటి ఒత్తుకుంటూ నిలబడతాయి. వాటిని సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటిగా చట్రంలో కూర్చి, వెలిగారం, టంకపు పొడి చల్లి, ఊదుగొట్టంతో మంటను మళ్లించి అతుకుతారు. వెలిగారం లోహంపై మలినం చేరకుండా కాపాడి, టంకం సాఫీగా పారేలా చేస్తుంది. టంకం వెండికన్నా తక్కువ వేడికే కరగాలి, కానీ ఆ తేడా స్వల్పం కనుక మంట ఒక్క క్షణం ఎక్కువ ఆగితే వెంట్రుకవంటి తీగలు ముద్దకడతాయి. అత్తరుదాని వంటి గుండ్రని వస్తువులకు భాగాలను చదునుగా అల్లి, తరువాత వంచి అతకవలసి ఉంటుంది కాబట్టి, వంపు తిరిగాక పువ్వు ఎక్కడికి వస్తుందో పనివాడు ముందే ఊహించాలి. కాగితంపై గీత గీసే పని ఇక్కడ చట్రపు తీగలోనే జరిగిపోతుంది, అంటే రూపకర్త, నిర్మాత ఒక్కరే.

జర్మనీలోని న్యూరెంబర్గ్ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. కంసాలి కొడుకైన ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఆ ఊరి తీగలు లాగే మిల్లును నీటిరంగులతో చిత్రించాడు. అదే చిత్రకారుడు రెయిన్‌డీర్ కొమ్ములను రెక్కలుగా మలిచిన డ్రాగన్ దీపగుచ్ఛానికి రూపం గీస్తే, 1522లో శిల్పి వైట్ ష్టోస్ దాన్ని చెక్కాడు. గీసినవాడూ చెక్కినవాడూ వేరైనందున ఇద్దరి పేర్లూ నిలిచాయి. మరో జర్మన్ నగరమైన ఆగ్స్‌బర్గ్ వెండి కొవ్వొత్తి స్తంభాలపై ఊరికి గుర్తుగా పైన్ కాయ ముద్ర, దాని పక్కనే నిపుణుని ముద్ర ఉంటాయి కనుక శతాబ్దాల తరువాత కూడా చేసినవారిని గుర్తుపట్టడం సాధ్యమవుతోంది. అయినా అవి నేడు అరుదు, ఎందుకంటే యుద్ధం వచ్చినా, అప్పు పెరిగినా వెండిని కరిగించి నాణేలుగా మార్చేవారు. తెలంగాణ ఇళ్లలోని పాత వెండి కూడా అవసరం వచ్చినప్పుడు మూసలోకే చేరింది. పనితనం పోయి తూకం మాత్రమే మిగలడం, వెండిలో పనిచేసిన కళలన్నింటికీ తప్పని నష్టం.

కరీంనగర్ వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇదే కళకు మరింత ప్రసిద్ధి గల ఒడిశాలోని కటక్ తారకసికి అది 2024లో గానీ రాలేదు. ఈ గుర్తింపు ఊరికి రక్షణ ఇస్తుంది కానీ, అత్తరుదాని అల్లిన చేతిని చెప్పదు, అదే దీనిలోని కొరత. అయితే 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం రిజిస్టరుకు రెండు భాగాలున్నాయి: మొదటిదాంట్లో కళ పేరు, దాని హక్కుదారు సంస్థ నమోదవుతాయి, రెండోదాంట్లో పనివారు తమ సొంత పేర్లతో అధీకృత వినియోగదారులుగా నమోదు కావచ్చు. అల్లికలో ముద్ర పట్టే చోటు లేకపోయినా, వస్తువు పీఠం అడుగున అతికిన గోరంత వెండిరేకుపై ఆ పేరును కొట్టవచ్చు.