'క్రూడ్' డాక్యుమెంటరీ: చమురు గుంటలు – సాక్ష్యం – పక్షపాతం

1. ఉపోద్ఘాతం

చమురు వెలికితీత వల్ల వర్షారణ్యాలకూ అక్కడి జనజీవితానికీ కలిగిన నష్టాన్ని చూపిన డాక్యుమెంటరీలలో జో బెర్లింగర్ దర్శకత్వం వహించిన 'క్రూడ్' (2009) ముఖ్యమైనది. ఈక్వడార్ దేశపు అమెజాన్ అడవుల్లో టెక్సాకో నడిపిన చమురు క్షేత్రాలు, వాటిపై సాగిన వ్యాజ్యం దీని వస్తువు. బాధితుల పక్షాన నిలిచిన చిత్రం సాక్ష్యంగా ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం

టెక్సాకో 1964లో ఇక్కడ చమురు అన్వేషణ ప్రారంభించి, 1990 వరకు క్షేత్రాలను నిర్వహించింది. చమురుతో పాటు పైకి వచ్చే ఉప్పునీటిని తిరిగి భూగర్భంలోకి పంపక వాగుల్లోకి వదిలింది. వ్యర్థాలను అడుగున ఎలాంటి పూతా లేని మట్టి గుంటల్లో నింపింది. కొఫాన్, సియోనా, సెకోయా తెగలకు తాగునీటికీ చేపలకూ ఆ వాగులే ఆధారం. చమురు కోసం వేసిన రోడ్ల వెంట వలస రైతులు వచ్చి అడవి నరికారు. ఆ తరువాత ఆ కాలుష్యానికి వారూ బాధితులయ్యారు. 1993లో సుమారు 30,000 మంది తరఫున న్యూయార్క్‌లో దాఖలైన దావా, 2003లో లాగో అగ్రియో పట్టణానికి చేరింది. 2001లో టెక్సాకోను తనలో కలుపుకున్న షెవ్రాన్, తన వంతు శుద్ధి పూర్తయిందనీ, మిగిలిన బాధ్యత ప్రభుత్వ సంస్థ పెట్రోఈక్వడార్‌దేననీ వాదించింది.

3. చిత్రం బలం

న్యాయస్థానమే అడవికి కదలి రావడం ఈ చిత్రంలోని బలమైన ఘట్టం. న్యాయమూర్తి సమక్షంలో, గుంటల ఒడ్డునే ఇరుపక్షాలూ వాదించుకుంటాయి. ఒకప్పుడు చమురు క్షేత్రంలో కూలిపని చేసిన పాబ్లో ఫహార్దో బాధితుల న్యాయవాదిగా నిలుస్తాడు. కంపెనీ ప్రతినిధులకూ మాట్లాడే అవకాశం ఉంది. క్యాన్సర్‌తో బాధపడే తల్లీకూతుళ్ల దృశ్యాలు చర్చను అంకెల నుండి మనుషుల వైపు మళ్లిస్తాయి.

4. చిత్రం పరిమితి

అయితే, చిత్రం తీయమని దర్శకుణ్ణి కోరింది బాధితుల తరఫు న్యాయవాది స్టీవెన్ డాంజిగర్. ఆయన కోరికపై కనీసం ఒక దృశ్యాన్ని మార్చారని 2011లో అమెరికా అప్పీలు న్యాయస్థానం పేర్కొంది. దర్శకుడు తన స్వతంత్రతను నిరూపించుకోలేకపోయాడని చెబుతూ, చిత్రంలో చేరని దృశ్యాలను అప్పగించాలన్న ఆదేశాన్ని సమర్థించింది. అవే తరువాత డాంజిగర్‌కు వ్యతిరేకంగా సాక్ష్యాలయ్యాయి. 2013లో ఈక్వడార్ అత్యున్నత న్యాయస్థానం ఖరారు చేసిన సుమారు 950 కోట్ల డాలర్ల తీర్పును మోసంతో పొందారని 2014లో న్యూయార్క్ న్యాయస్థానం నిర్ణయించింది.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. ఆ న్యాయస్థానం విచారించింది తీర్పు పొందిన విధానాన్నే కాని, అడవిలో కాలుష్యం జరిగిందా లేదా అన్న విషయాన్ని కాదు. కాని అడవి కథను వ్యాజ్య కథతో పెనవేసిన చిత్రంలో, న్యాయవాదుల దోషం బాధితుల గోడును కూడా సందేహాస్పదం చేసింది.

5. ముగింపు

బాధితుల పక్షం వహించడం కళకు దోషం కాదు. వారి న్యాయవాదుల చెప్పుచేతల్లోకి వెళ్లడం దోషం. పర్యావరణ విమర్శ ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి. లేనిపక్షంలో చిత్రంపై పడిన మచ్చ గుంటల్లోని మురికిని కప్పిపుచ్చడానికి సాకు అవుతుంది. 'క్రూడ్'ను తిరస్కరించనక్కరలేదు, దాని వెనుక జరిగిన కథతో కలిపి చూడాలి.